దొంగ జేబు

మా ఆయన చొక్కాలకి దొంగ జేబులు కుట్టింది నేనే. విదేశానికి టూరు ఖాయం కాగానే మిషను ముందు కూర్చుని, ఉన్న చొక్కాలన్నిటికీ లోపలివైపు, ఎడమ చంక కిందుగా, అరచేయంత జేబు వేశాను. పైనుంచి చూస్తే కుట్టు కనపడదు. పాస్‌పోర్టు కాపీ, హోటలు చిరునామా అందులో పెట్టుకుని తిరగాలని నా ఏర్పాటు. జాకెట్లు కుట్టి సంసారం లాక్కొచ్చిన చెయ్యి నాది. గుడ్డ విషయంలో నన్ను మోసం చేసే మనిషి ఇంకా పుట్టలేదని నా ధీమా.

మా ఆయన దూరప్రాంతాల బస్సులు నడిపి రిటైరయ్యాడు. గుండె బలహీనం. అది సరిగా తోడకపోతే ఒంట్లో నీరు చేరుతుందట. ఆ నీటిని బయటికి లాగడానికి రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోవాలి. మా ఇంట్లో దాని పేరు నీళ్ళ మాత్ర. చిన్నగా, తెల్లగా, మధ్యలో గీతతో ఉంటుంది. అది వేసుకున్న పూట బాత్రూముకీ మంచానికీ మధ్య తిరుగుడే తిరుగుడు. ఇంట్లో ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

డిపోలో రిటైరైన వాళ్ళంతా కలిసి ఈ టూరు వేసుకున్నారు. ఇన్నాళ్ళూ మనం జనాన్ని తిప్పాం, ఇప్పుడు మనల్ని ఎవరైనా తిప్పాలి అన్నది వాళ్ళ సరదా. నేను మాత్రం ముందు ఈయన్ని గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. వెళ్ళొచ్చు కానీ అని మొదలుపెట్టి ఆయన చాలా చెప్పారు. మందులు పెట్టెలో వేయొద్దు, చేతిసంచీలోనే ఉండాలి. అట్టల్లోంచి విడదీయొద్దు. చీటీ దగ్గరుండాలి. ప్యాకెట్ల తిండి ఉప్పగా ఉంటుంది, తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క పూట కూడా మందు మానొద్దు. టీకాలు వేయించుకున్నాం, ఇన్సూరెన్సు చేయించుకున్నాం, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు కొన్నాం. దేశం దాటే ముందు ఇంత జాగ్రత్త పడ్డ మనిషి మా గుంపులో ఇంకొకరు లేరు. ఆ మాట నేనే నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

అక్కడ మమ్మల్ని తిప్పింది పెద్ద అద్దాల బస్సు. మా ఆయన ఎక్కగానే డ్రైవరు వెనకాల సీటు పట్టేశాడు. కిటికీలోంచి కొండలూ నదులూ అందరూ చూస్తుంటే ఈయన మాత్రం ఆ డ్రైవరు కాళ్ళూ చేతులూ చూస్తూ కూర్చున్నాడు. బ్రేకు మీద కాలు ఎంత మెత్తగా వేస్తున్నాడో చూడవే అని నాకు చూపించేవాడు. భాష తెలియకపోయినా ఇద్దరూ అద్దంలోంచి ఒకరికొకరు తలలు ఊపుకునేవారు.

మొదటిరోజు నీళ్ళ మాత్ర తన పని తాను చేసింది. ఈయన లేచి బస్సు ఆపమన్నాడు. రోడ్డు పెద్దది, ఎక్కడపడితే అక్కడ ఆపడానికి లేదు. పెట్రోలు బంకు వచ్చేదాకా ఈయన ముఖం చూడలేకపోయాను. ఆపాక, ఈయనతో ఏళ్ళ తరబడి డ్యూటీ చేసి, ఈయన్ని అన్నా అని పిలిచే కండక్టరు తమ్ముడు లేచి నిలబడి, బస్సు పక్క చరిచి, "హోల్డాన్" అని, డ్యూటీలో బండి ఆపించే పాత గొంతుతో కేక పెట్టాడు. బస్సంతా పడీపడీ నవ్వింది. ఈయనా నవ్వాడు. ఆ రోజు ఎన్నిసార్లు ఆపితే అన్నిసార్లూ ఆ కేక, ఆ నవ్వు. చివరికి మేం చూడాల్సిన కోట దగ్గరికి వెళ్ళేసరికి గేట్లు మూసేశారు. గేటు ఊచల్లోంచి కోటను చూసి వెనక్కి తిరిగాం. ఎవరి పుణ్యమో ఇది అని వెనక సీట్లోంచి ఒకావిడ అంది. నేను తిరిగి నాలుగు దులపబోతే ఈయన నా చెయ్యి నొక్కాడు.

ఆ రాత్రి హోటల్లో ఈయన బాధపడింది కోట గురించి కాదు, డ్రైవరు గురించి. టైము తప్పితే ఆ డ్రైవరుని పైవాళ్ళు అడుగుతారట. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ స్టాపు కాని చోట ఈయన బండి ఆపింది లేదు. ఆపమన్న ప్యాసింజర్లని ఎలా కసురుకునేవాడో కండక్టరు తమ్ముడు కథలు కథలుగా చెబుతాడు. అలాంటిది తన కోసం ఇంకొక డ్రైవరు చెమటలు పట్టి అద్దాలు చూసుకుంటూ పక్కకి తీస్తుంటే ఈయనకి ప్రాణం పోయినట్టయిందట. పోనిద్దురూ అని నేను దుప్పటి కప్పుకున్నాను.

మర్నాటి నుంచి బస్సు ఆగలేదు. ఈయనకి ఆపమనాల్సిన అవసరమే రాలేదు. ఒళ్ళు ప్రయాణానికి అలవాటు పడిందనుకున్నాను. సంతోషించాను కూడా, ఆ మాట దాచుకోను. రోజూ పొద్దున నా చేత్తోనే అట్టల్లోంచి మాత్రలు తీసి ఈయన అరచేతిలో పోసి, నీళ్ళ గ్లాసు ఇచ్చేదాన్ని. ఈయన తల వెనక్కి వేసి మింగేవాడు. నేను వెనక్కి తిరిగి పెట్టె సర్దుకునేదాన్ని. మేజోళ్ళు విప్పితే కాళ్ళ మీద గాడి పడుతుంటే కూర్చుని కూర్చుని వాచాయనుకున్నాను. తలకింద రెండో దిండు అడిగితే ఇక్కడి దిండ్లు పల్చన అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది.

ఒక పొద్దున హోటలు డైనింగు హాల్లో కుర్చీ మీద కూర్చుని ఈయన గాలి కోసం నోరు తెరిచాడు. పెదాలు నల్లబడ్డాయి. అంబులెన్సు వచ్చింది. టూరు మేనేజరు మాతో ఆసుపత్రి దాకా వచ్చి, పేర్లూ ఇన్సూరెన్సు వివరాలూ చెప్పాడు. గుంపుని తర్వాతి ఊరికి చేర్చాల్సింది అతనే కాబట్టి వెళ్ళక తప్పదన్నాడు. ఏదన్నా ఉంటే ఫోను చేయండమ్మా అన్నాడు. కండక్టరు తమ్ముడు నేను ఉంటానని మొండికేశాడు. లోపలికి ఒక్కరినే రానిస్తారని మేనేజరు అతన్ని లాక్కుపోయాడు. వెళ్ళేముందు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "వదినా, అన్నకి నేనేదో సరదాకి..." అని మాట పూర్తి చేయలేక ఏడ్చాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఆసుపత్రి గది తెల్లగా ఉంది. మంచం పక్క కడ్డీలు, గోడ మీద గీతలు గీసే తెర, నేల మీద చక్రాల స్టాండుకి బిగించిన ఒక ఫోను. భాష రానివాళ్ళ కోసమట అది. దాంట్లోంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో పలకరించేసరికి నాకు పుట్టింటివాళ్ళు వచ్చినట్టనిపించింది. డాక్టరమ్మ ఒక మాట అనడం, ఫోను దాన్ని తెలుగులో చెప్పడం, నేను జవాబివ్వడం. మందులన్నీ సరిగా వేసుకుంటున్నారా అని అడిగారు. నాకు కాస్త ఒళ్ళు మండింది. ఎవరిని పట్టుకుని అడుగుతున్నారు ఈ మాట?

"ఒక్క పూట తప్పలేదు. రోజూ నా చేత్తో ఇస్తాను" అన్నాను.

డాక్టరమ్మ ఆలోచనలో పడింది. తర్వాత ఫోను వివరంగా చెప్పింది. ఊపిరితిత్తుల్లో నీరు నిండింది. ఇంజెక్షను ఇచ్చారు, చాలినంత పని చేయలేదు. మందు ఒక్క పూట తప్పకపోయినా ఇలా అయిందంటే గుండె రక్తనాళం కొత్తగా మూసుకుపోయి ఉండొచ్చు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి చూడాలి. ఈయన కిడ్నీలు అసలే బలహీనంగా ఉన్నాయి, ఆ రంగుమందుకి అవి పూర్తిగా దెబ్బతింటే డయాలసిస్ దాకా పోవచ్చు. చూడకపోతే గుండెకే ముప్పు. నేను సంతకం పెట్టాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. పైన గది ఖాళీ కాగానే తీసుకెళ్తామని చెప్పి, ఫోను పెట్టేశారు.

నర్సు ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా ఆయన బట్టలు. ఎమర్జెన్సీలో చొక్కా విప్పే టైము లేక కత్తిరించేశారు. నేను దర్జీదాన్ని. మొగుడు మంచం మీద ఊపిరి కోసం కొట్టుకుంటున్నా, కత్తెర కుట్టు మీద పడిందా గుడ్డ మీద పడిందా అని చూడకుండా ఉండలేకపోయాను. కుట్టు వెంబడి వెళ్ళి ఉంటే మళ్ళీ కలపొచ్చు. చొక్కా తిరగేశాను. దొంగ జేబు దగ్గర వేలికి గరుకుగా ఏదో తగిలింది.

జేబులో పాస్‌పోర్టు కాపీ లేదు. చేతులు తుడుచుకునే కాగితం మడత ఒకటి ఉంది. విప్పాను. చిన్నవి, తెల్లవి, మధ్యలో గీత ఉన్నవి. కొన్ని పొడిగానే ఉన్నాయి, కొన్ని నాలుక తడికి కాస్త కరిగి అంచులు అరిగాయి. మిగతా మాత్రలన్నీ మింగి, ఈ ఒక్కటీ నాలుక కింద పెట్టుకుని, నేను పెట్టె వైపు తిరగ్గానే తీసి ఇందులో వేశాడు. రోజూ. చొక్కా మార్చినప్పుడల్లా పొట్లాన్నీ మార్చుకున్నాడు. పారేస్తే నా కంట పడుతుందని దాచాడు. దాచడానికి జేబు నేనే కుట్టి ఇచ్చాను.

ఆ క్షణాన నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయన మీద, ఆ బస్సు మీద, ఆ కోట మీద. మరుక్షణం నేను డాక్టరమ్మకి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఒక్క పూట తప్పలేదన్నాను. ఆ మాట పట్టుకునే వాళ్ళు గుండెలోకి గొట్టం పంపబోతున్నారు.

కాగితం పొట్లంతో నర్సు దగ్గరికి పరిగెత్తాను. మాత్రలు చూపించాను, మా ఆయన్ని చూపించాను, నోటి దగ్గర చెయ్యి పెట్టి అడ్డంగా తల ఊపాను. నేను ఈయనకి ఆ మాత్రలు వేయబోతున్నానని అనుకుంది ఆ పిల్ల. నెమ్మదిగా నా చేతిలోంచి పొట్లం తీసుకుంది. ఇంటి మందులు ఇక్కడ ఇవ్వకూడదు కాబోలు, వేలు ఊపింది, భుజం తట్టింది, మందుల చెత్త వేసే పసుపురంగు డబ్బా మూత ఎత్తి అందులో పడేసింది. నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ డబ్బాలో పడింది. ఆ పిల్ల తప్పేం లేదు. మనింట్లో ఎవరైనా అలా తెస్తే నేనూ అదే చేసేదాన్ని.

మేనేజరుకి ఫోను చేద్దామంటే నా ఫోను దేశం దాటాక టైము చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. స్టాండు ఫోను చూపించి దణ్ణం పెట్టాను. నర్సు మీటలు నొక్కింది. పాట వచ్చింది. చాలాసేపు పాటే వచ్చింది. తర్వాత ఒక మగగొంతు ఏదో భాషలో మాట్లాడింది, అది తెలుగు కాదు. నర్సు క్షమించమన్నట్టు చూసి, తన సొంత ఫోను నా నోటి దగ్గర పెట్టింది. చెప్పాను. అది వాళ్ళ భాషలో రాసింది. చదువుకుని అయోమయంగా చూసి, తానేదో చెప్పి ఫోను నాకు చూపించింది. అక్షరాలు తెలుగే, పదాలు తెలుగే, వాక్యం మాత్రం ఎవరిదో తెలియలేదు. నోరు మూసుకోవే అని రోజంతా అనిపించుకునే మనిషిని నేను. నా నోట్లో ఇన్ని మాటలుండి, కావలసిన ఒక్క మాట అవతలి మనిషిని చేరలేదు.

స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు మనుషులు మంచాన్ని దాని పక్కకి జరపడానికి చక్రాల బ్రేకులు తీశారు. ఈయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, మాస్కులో గురగుర శబ్దం. నాకు చేతనైంది ఒకటే. వెళ్ళి మంచం కడ్డీ రెండు చేతులతో పట్టుకున్నాను. వాళ్ళు మర్యాదగా వదలమన్నారు. వదల్లేదు. నర్సు వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయింది. నేను కడ్డీని వాటేసుకుని నేల మీద కూర్చున్నాను. నేను చేసేది మంచో చెడో నాకు తెలియదు. రక్తనాళం నిజంగానే మూసుకుపోయి ఉంటే నేను ఆపుతున్నది ఆయన ప్రాణాన్నే. అది తెలిసీ పట్టుకున్నాను.

గొడవకి డాక్టరమ్మ వచ్చింది. నన్ను చూసి, మోకాళ్ళ మీద నా ఎదురుగా కూర్చుని, ఫోను వైపు వేలు చూపించింది. మళ్ళీ మీటలు, మళ్ళీ పాట. అందరం నిలబడి ఆ పాట విన్నాం. చివరికి పొద్దుటి గొంతే పలికింది.

"చెప్పండమ్మా, మీరు చెప్పింది చెప్పినట్టు చెబుతాను."

"పొద్దున నేను చెప్పింది నిజం కాదమ్మా" అన్నాను. "ఇవ్వడం నా చేత్తోనే ఇచ్చాను. ఆయన మింగలేదు. నీళ్ళ మాత్ర ఒక్కటీ నాలుక కింద పెట్టుకుని చొక్కాలో దాచాడు. టూరు రెండోరోజు నుంచీ ఇదే. బస్సు ఆపమనడానికి సిగ్గుపడ్డాడు."

ఫోనులో ఆవిడ అంతా ఆ భాషలో చెప్పింది. నర్సు ముఖం తెల్లబోయింది, పసుపు డబ్బా వైపు చూసింది. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. లేచి, తెర వైపు చూసి, ఈయన కాళ్ళు నొక్కి చూసి, స్ట్రెచర్ వాళ్ళని ఆగమంది. ఫోను చెప్పింది, అలాగైతే కారణం అదే కావచ్చు, ఖాయంగా చెప్పలేం. ఇంజెక్షను మోతాదు పెంచుతారు. ఒంట్లో నీరు దిగడం మొదలైతే గొట్టం, రంగుమందు ఇప్పుడే అక్కర్లేదు. దిగకపోతే కిడ్నీల సంగతి ఏమైనా సరే, తీసుకెళ్ళక తప్పదు.

"దిగిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

డాక్టరమ్మ మంచం పక్కన వేలాడుతున్న సంచీ చూపించింది. ఈయనకి గొట్టం వేసి మూత్రం పట్టే సంచీ. దాని మీద కొలత టేపు మీద ఉన్నట్టు గీతలున్నాయి. అట్టడుగున కాస్త ముదురు రంగు నీళ్ళు. ఒక గీత మీద పెన్నుతో గుర్తు పెట్టింది. చీకటి పడేలోగా అక్కడిదాకా రావాలట. జాగ్రత్త అమ్మా అంది ఫోను. అది ఆవిడ సొంత మాటో, డాక్టరమ్మ మాటో తెలియలేదు. తర్వాత ఫోను ఆగిపోయింది.

మధ్యాహ్నమంతా ఆ సంచీ ముందు కూర్చున్నాను. నా బతుకంతా గీతలు చూసే బతికాను. అర అంగుళం తేడా దూరంనుంచే పట్టేస్తాను. ఆ కంటితోనే చూశాను. గొట్టంలో ఒక చుక్క తయారై, వేలాడి, పడేది. తర్వాతది వచ్చేదాకా నా ఊపిరి నాకు ఆడేది కాదు. ఇంటి దగ్గర ఎన్నిసార్లు విసుక్కున్నాను, మళ్ళీనా అని, ఆ బాత్రూము తలుపు చప్పుడుకి. ఇప్పుడు ఆ చప్పుడు కోసం ఏమిమ్మన్నా ఇచ్చేదాన్ని. నర్సు మధ్యమధ్యలో వచ్చి, సంచీ చూసి, నన్ను చూసి వెళ్ళేది. ఒకసారి టీ తెచ్చి పెట్టింది. అది చల్లారి తెట్టు కట్టింది.

కిటికీలో వెలుతురు పసుపుపచ్చగా మారుతుండగా ఈయన కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. పై కప్పు చూశాడు. తర్వాత చూపు కిందికి దిగి, మంచం పక్కన అందరికీ కనపడేలా వేలాడుతున్న సంచీ మీద పడింది. అది ఏమిటో అర్థమైంది. ముఖం చిన్నబోయింది. సూదులు గుచ్చిన చెయ్యి కష్టంమీద కదిలించి, దుప్పటి అంచు పట్టుకుని, దాని మీదికి లాగబోయాడు.

నేను దుప్పటి తీసేశాను. కోపంగానే తీశాను. దాచింది చాలు. మాస్కులోంచి ఆయన ఏదో అన్నాడు. వంగి చెవి పెట్టాను.

"బండి... నా వల్ల ఆగిందా?"

చెంప మీద ఒకటి ఇద్దామా అనిపించింది. ఒళ్ళో పెట్టుకుని ఏడుద్దామా అనిపించింది. బండి ఎప్పుడో వెళ్ళిపోయింది, మన సామాను కూడా అందులోనే వెళ్ళిపోయింది, ఈ దేశంలో మన కోసం ఆగి ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అది చెప్పలేకపోయాను.

"ఆపించానండీ" అన్నాను. "డ్రైవరు ఏమీ అనుకోలేదు. అందరూ దిగి టీ తాగుతున్నారు. మీరు నిదానంగా కానివ్వండి."

ఆయన నా మాట నమ్మాడు. నుదుటి మీద ముడుత విడిపోయింది, కళ్ళు మూసుకున్నాడు. బయట నడవలో స్ట్రెచర్ చక్రాల చప్పుడు మొదలైంది. నేను వంగి సంచీ చూశాను. నీళ్ళు పెన్ను గీతకి ఇంకా రెండు వేళ్ళ కిందే ఉన్నాయి. గొట్టంలో ఒక చుక్క తయారై వేలాడుతోంది. కిటికీ బయట చీకటి పడుతోంది, ఒక్కొక్కటే లైట్లు వెలుగుతున్నాయి.